నౌపడా ఉప్పుమడులు – మా అత్తగారి సోల

యాత్ర యనగానే మన స్త్రీల మనస్సునకు కాశీయో, తిరుపతియో, లేక మా సీమలోని అరసవల్లి, శ్రీకూర్మములో స్ఫురించును. మొన్న ఫాల్గుణమాసమున మేము చేసిన యాత్రలో దేవుడు లేడు; తీర్థము మాత్రము గలదు, అదియు నోట పెట్టరానంత ఉప్పన. మేము పోయినది శ్రీకాకుళము జిల్లాలోని నౌపడా ఉప్పుమడులకు. మా చేతిసంచిలో నుండినవి రెండే వస్తువులు: మా అత్తగారి యిత్తడిసోల యొకటి, దానితో జత యగు గిద్దె యొకటి. సోలను చేతబట్టుకొని సముద్రతీరమునకు బోవుట చూచి త్రోవలో నవ్వినవారు నవ్విరి. ఆ సోల మాకు నేర్పిన పాఠమును సోదరీమణులతో చెప్పుకొనుటకే యీ వ్యాసము.

మొదట మా తప్పు చెప్పుకొనవలెను. ఉప్పు తిన్నవారు నీళ్లు త్రాగక తప్పదు గదా!

మా అత్తగారు రెండేండ్ల క్రిందట తమ డెబ్బదియైదవయేట స్వర్గస్థురాలైరి. మన దేశమున కిలోగ్రాముల పద్ధతికి 1956 సంవత్సరమున చట్టమైనది. 1958 అక్టోబరు 1వ తేదీనుండి అది క్రమక్రమముగా అంగళ్లలోనికి వచ్చినది. అప్పటి కామె పదేండ్ల బాలిక. బడిలో కిలోగ్రాములు నేర్చుకొనిరి గాని, వంటయింట తమ తల్లిగారివద్ద నేర్చినవి గిద్దెలు, సోలలే. నాలుగు గిద్దెలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. నాలుగు మానికలు కుంచము. నాలుగు కుంచములు తూము. ఇరువది తూములు పుట్టి. ఈ లెక్క వారి నాలుకపై నుండెడిది. తూనికలో వారెరిగిన దొక్కటే – వీశె. మూడు తులములు పలము, నలుబది పలములు వీశె. తులము 11.66 గ్రాములు గనుక వీశె రమారమి 1,400 గ్రాములగును.

పూనాలో కాపురముండు మా ఆడుబిడ్డ తల్లి పోయిన పిమ్మట వచ్చిన మొదటి వైశాఖమున మాకు ఫోను చేసి, "వదినా, ఈ యేడు ఆవకాయ నేనే పెట్టుకొందును. అమ్మ కొలత చెప్పుము" అని యడిగినది. మేము పాఠమువలె నొప్పగించితిమి: "వీశెడు ముక్కలకు సోలెడు ఆవపిండి, సోలెడు కారము, సోలెడు దంచిన యుప్పు, సోలెడు నువ్వులనూనె."

"నాకడ సోల లేదు వదినా. గ్రాములలో చెప్పుము" అనినది.

ఇంత మాత్రమునకేమి యని మేము సోలనిండ కారము తలగొట్టి పోసికొని వీథిచివరి కిరాణాదుకాణమునకు బోయి కాటాపై తూపించితిమి. పాత్రబరువు పోగా 144 గ్రాములు వచ్చినది. "నూటయేబది యనుకొనుము. మూడును సమానమే" అని చెప్పి, మహోపకారము చేసినట్లు సంతోషించితిమి. ఆమె మా మాట దాటలేదు. 150 గ్రాముల కారము, 150 గ్రాముల ఆవపిండి, 150 గ్రాముల ఉప్పు తూచి కలిపినది.

ఆషాఢము రాకముందే ఆ జాడీలో తెల్లని బూజు పట్టినది. ముక్క మెత్తబడి పులిసినది. ఒకనాటి రాత్రి ఆమె ఫోనులో, "వదినా, అమ్మతోపాటు ఆవకాయ కూడ పోయినది" అని యొక్కమాట యని ఊరకుండినది. మన భాషలో దుఃఖమును తూచుట లేదు, కొలుచుటయే గలదు. పుట్టెడు దుఃఖమనుట యెందులకో మాకానాడు తెలిసినది.

తప్పు మాదని మాత్రము మాకప్పుడు తోచలేదు. కాయ పుల్లనిది కాదనుకొంటిమి. జాడీలో తడి యుండెననుకొంటిమి. పూనా వానగాలి యనుకొంటిమి. కడపట ఉప్పుపై నేరము మోపితిమి. అత్తగారు జీవితమంతయు నౌపడా రాళ్లయుప్పు దప్ప మరియొక దానితో ఊరగాయ పెట్టి యెరుగరు. "పొట్లములలోని మెత్తనియుప్పునకు ఆ బలమెక్కడిది? ఈసారి నౌపడానుండి తల్లి సోలతోనే కొలిచి ఉప్పు పంపెదము" అని నిశ్చయించుకొంటిమి. ఇంతలో టెక్కలిలో బంధువులయింట వివాహము రాగా, మా వారును మేమును ఒకదినము ముందుగనే బయలుదేరితిమి.

శ్రీకాకుళము రోడ్డు స్టేషనులో నుదయమున పాసెంజరుబండి నెక్కితిమి. వంశధారపై వంతెన దాటుచుండగా ఏటిలో నీరు పాయలై, ఇసుకతిన్నెలమధ్య వెండితీగెలవలె పారుచుండెను. తిలారు, హరిశ్చంద్రపురము, కోటబొమ్మాళి స్టేషనులొకటొకటిగా గడచెను. ఎడమవైపున దూరముగా తూర్పుకనుమల కొండలు. కుడివైపున తాటితోపులు, కొబ్బరిచెట్లు, జీడిమామిడితోటలు. సముద్రము కన్నులకు గానరాదు గాని, కోటబొమ్మాళి దాటినపిమ్మట కిటికీలోనుండి వీచు గాలికి పెదవులపై నుప్పురుచి తగిలినది. నౌపడా చిన్నదైనను కూడలిస్టేషను. ఇచ్చటనుండి పర్లాకిమిడిమీదుగా గుణుపురమునకు శాఖామార్గము గలదు. పర్లాకిమిడి రాజావారు వేయించిన యా చిన్నపట్టాలపై 1900 సంవత్సరమున బండ్లు నడువ నారంభించెను. దానినే వెడల్పుచేసి 2011లో పెద్దబండ్లు నడుపసాగిరి.

స్టేషనువద్ద ఆటో మాటలాడుకొని ముందుగా తేలినీలాపురమును జూచితిమి. గూడబాతులును, ఎర్రకాళ్లకొంగలును ఏటేట శీతకాలమున వచ్చి ఆ యూరి చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని, ఎండలు ముదురులోపల మరలిపోవునట. మేము చూచునప్పటికి కొన్ని గూళ్లు ఖాళీపడినవి, కొన్నింట పిల్లలింకను రెక్కలు విదలించుచున్నవి. గ్రామస్థులా పక్షులను పుట్టింటికి వచ్చిన యాడుపడుచులనుగా భావింతురని యచ్చటి యొక తల్లి చెప్పగా మాకు పూనాలోని యాడుపడుచు జ్ఞప్తికి వచ్చినది. సంచిలోని సోలను చేతితో తడవి చూచుకొంటిమి.

అచ్చటినుండి ఉప్పుమడులకు బోయితిమి. సోదరీమణులారా, వరిమడులను జూచిన కన్నులకు ఉప్పుమడులు వింతగొల్పును. గట్లున్నవి, కాలువలున్నవి, చదరముగా దీర్చిన మడులున్నవి. పచ్చనిమొక్క మాత్రము మందునకైనను లేదు. ఆకాశమంతయు నేలపై పరచినట్లు నీరు మెరయుచుండును. గట్లవెంబడి తెల్లనిరాశులు చిన్నచిన్న గోపురములవలె నిలిచియుండును. మాఘఫాల్గుణములలో మొదలై తొలకరివాన పడువరకే యీ వ్యవసాయము. వరిరైతు వానకై మొక్కును, ఉప్పురైతు వాన రాకుండుటకై మొక్కును.

పని జరుగు తీరును అచ్చటివారు చూపించిరి. పోటుసమయమున కాలువలగుండ వచ్చిన ఉప్పునీటిని మొదట పెద్దమడులలో నిలువజేయుదురు. సముద్రజలము లీటరునకు లవణములన్నియు గలిసి సుమారు 35 గ్రాములు మాత్రమే. ఆ నీరు ఎండకును గాలికిని ఇగురుచు, ఒకమడినుండి మరియొకమడికి పారుచు, చిక్కబడుచుండును. నీరు మొదటికొలతలో పదియవవంతునకు దిగువరకు మనము తిను ఉప్పు పేరుకొనదు. అంతకుముందే సున్నపుజాతి పదార్థములు వేరుగా నడుగున దిగిపోవును. పిమ్మట చివరిమడులలోనికి వదలినప్పుడు, మీగడ కట్టినట్లు నీటిపై పలుచని పొర తేలి, ముక్కలై మునిగి, అడుగున రాళ్లుగా బెరుగును. ఉప్పు దిగినపిమ్మట మిగిలిన చేదునీటిని తీసివేయవలెను. అది చేరినయెడల ఉప్పు చేదగుటయేగాక, గాలిలోని చెమ్మనంతయు బీల్చి నీరుగారును. వానకాలమున మన జాడీలలో కొన్నియుప్పులు కరగి కారుటకు కారణమిదియే.

పొడవుకర్రకు పలక బిగించిన సాధనముతో నలుగురు స్త్రీలు మోకాలిదిగువవరకు ఉప్పునీట నిలిచి ఉప్పును లాగుచుండిరి. వారి పాదములు పగిలియున్నవి. ఎండ పైనుండి కొట్టుచుండ, తెల్లనిరాశులమీదుగా క్రిందినుండియు కన్నులలో గొట్టుచుండెను. మనము కూరలో చిటికెడు తక్కువైనదని విసరివైచు వస్తువువెనుక ఇంత కాయకష్టమున్నది. 1930లో గాంధీమహాత్ముడు దండివద్ద పిడికెడు ఉప్పును చేతబట్టినప్పుడు దేశమంతయు నేల కదలినదో, 1947లో ఉప్పుపన్ను నేల రద్దయినదో పుస్తకములలో జదివినదానికన్న ఆ పాదములను జూచి యెక్కువగా దెలిసికొంటిమి.

వారిలో నొక ముదుసలి మా చేతిసోలను జూచి పని నిలిపి గట్టెక్కినది. "ఎన్నాళ్లయినదమ్మా యీ సోలను జూచి! మా అమ్మ కుంచములతో కొలిచి యమ్మెడిది" అని దానిని తిప్పితిప్పి చూచినది. మేము వచ్చిన పనిని జెప్పితిమి. "ఉప్పునకు బలము తగ్గుటేమి తల్లీ? ఉప్పు ఉప్పే" అని నవ్వి, మమ్ము దాపుననే యున్న నిలువపాకకు దోడ్కొనిపోయినది. అచ్చట కాటా యున్నది.

ఆమె మా సోలను పెద్దరాళ్లతో నింపి తలగొట్టి కాటాపై బెట్టినది. పాత్రబరువు పోగా 290 గ్రాములు. మాకు గుండె యొక్కసారి ఝల్లుమనినది. కారపుసోల 144 గదా! ఉప్పుసోల దానికి రెట్టింపెట్లయినది?

మా ముఖము జూచి యామె కాటాయే తప్పనుకొంటిమని తలచెను గాబోలు, "ఇంకొకటి చూడుము" అని సోలను మడిగట్టునకు గొనిపోయి, గిద్దెతో మడిలోని చిక్కనియుప్పునీటిని ముంచి ఉప్పురాళ్లపై బోయసాగినది. ఆ నీరప్పటికే ఉప్పుతో నిండియున్నది గనుక రాళ్లను కరగింపదు. ఒక గిద్దె యింకినది. రెండవగిద్దె యింకినది. మూడవదానిలో కొంతపోసిన పిమ్మటగాని సోల పొర్లలేదు. నాలుగు గిద్దెల సోల. అందు నిండ రాళ్లున్నవనుకొంటిమి. రెండుగిద్దెలకు మించి నీరెక్కడ దాగినది?

"సోలలో సగము ఉప్పు, సగము గాలి" అని ముదుసలి తీర్పు చెప్పినది. "రాయి పెద్దదైన గాలి యెక్కువ, దంచినయెడల గాలి తక్కువ. సోలతో కొన్నవారికి పెద్దరాయి నష్టము. కాటాతో కొన్నవారికి తడియుప్పు నష్టము. ఈ రాశిలోనిది నిన్న లాగినది. కొనుక్కొని యింటికి బోయి ఎండబెట్టి చూడుము."

మేమా గట్టుపైననే చతికిలబడితిమి. మా ఆడుబిడ్డ జాడీలో బూజు పట్టించినది కాయయు గాదు, గాలియు గాదు, పూనా ఉప్పును గాదు. "మూడును సమానమే" యన్న మా మాట. అత్తగారి సమానము సోలలో సమానము. కాటాపై సమానము కాదు. కారమునకును ఆవపిండికిని గాలి యెక్కువ, అవి దూదివంటివి. ఉప్పు రాతివంటిది. సోలెడు ఉప్పును నూటయేబది గ్రాములుగా జేసి, తల్లి చేతికొలతలో అయిదింట రెండుపాళ్లకు దింపితిమి. ముక్కలోని నీటిని వెలికిదీసి, బూజునకు చోటియ్యకుండ గాపాడునది ఉప్పే గదా! కాపలావానిని మేమే పంపివేసి దొంగను నిందించితిమి.

మా వారు ప్రక్కనే నిలిచి యంతయు వినుచుండిరి. "బడిలో ఈ పాఠమును నేనేటేట చెప్పుచునే యుంటిని. ఇంట నెవ్వరు నడుగలేదు" అనిరి. మేమేమియు బదులు చెప్పలేకపోతిమి.

కిలోయుప్పు తూపించి కొని, వివాహము చూచుకొని యిల్లు చేరితిమి. ఆ యుప్పును రెండుదినములు ఎండలో బెట్టి మరల తూచగా 940 గ్రాములు మాత్రమే నిలిచినది. అరువది గ్రాములు ముదుసలి చెప్పిన నీరే. తూనికయు నిజము చెప్పవలెనన్న వస్తువు పొడిగా నుండవలెను.

పిమ్మట మా వారు బడిలోని చిన్నత్రాసువంటిదే యొకటి తెచ్చి యిచ్చిరి. ఒక యాదివారము వంటయింట గూర్చుండి, సోలను మొదట నీటితో నింపి తూచితిమి. ఒక మిల్లీలీటరు నీరు ఒక గ్రాము తూగును గనుక, నీటి తూనికయే పాత్రయొక్క పరిమాణమగును. మా సోల 320 గ్రాముల నీరు పట్టినది. అనగా 320 మిల్లీలీటర్లు. ఇది మా యింటిసోల మాత్రమే. పొరుగింటివారి సోల తెచ్చి చూడగా 300 మాత్రమే పట్టినది. ఒకే పేరుగల పాత్రలు ఊరూరను, ఇంటింటను భేదించుచుండగా, సోలెడనిన మాటను ఊరు దాటించి పంపుట యెంత ప్రమాదమో గ్రహింపుడు.

తరువాత ఒక్కొక్కవస్తువును మూడేసిమారులు పోసి, వ్రేలితో తలగొట్టి తూచి, సరాసరి వ్రాసికొంటిమి. మా సోలకు బియ్యము 265 గ్రాములు, పంచదార 272, బొంబాయిరవ్వ 225, పాలు 330, నువ్వులనూనె 294, కారము 144, ఆవపిండి 138, ఎండబెట్టి దంచిన ఉప్పు 368. గోధుమపిండి మాత్రము మమ్ముల నాటలు పట్టించినది. జల్లించి మెల్లగా బోసినయెడల 165, అదిమి కూరినయెడల 205. ఒకే పిండి, ఒకే పాత్ర, ఒకే చేయి. భేదము నలుబది గ్రాములు! చపాతీపిండి ఒకనాడు గట్టియు నొకనాడు జారుడు నగుటకు మనము నీటిని నిందింతుము గాని, నేరమీ యదుముటలో నున్నది.

సోలలేని సోదరీమణులకును ఈ లెక్క యుపయోగపడుటకు మా వారొక యుపాయము చెప్పిరి. వస్తువు తూనికను అదే పాత్రెడు నీటి తూనికతో భాగించినయెడల నొక సంఖ్య వచ్చును. ఆ సంఖ్య పాత్రతో మారదు. మా లెక్కప్రకారము బియ్యమునకు 0.83, పంచదారకు 0.85, రవ్వకు 0.70, నూనెకు 0.92, కారమునకు 0.45, ఆవపిండికి 0.43, దంచిన ఉప్పునకు 1.15. మీ యింట నున్నది గ్లాసైనను, గిన్నెయైనను, అందు పట్టు నీటిని మిల్లీలీటర్లలో దెలిసికొని యీ సంఖ్యతో హెచ్చింపుడు, గ్రాములు వచ్చును. 250 మిల్లీలీటర్ల గిన్నెతో కారము కొలిచినయెడల 112 గ్రాములు, దంచిన ఉప్పు కొలిచినయెడల 287 గ్రాములు. మరలు మారినను పిండి నలుగు తీరు మారును గనుక, కారమును ఆవపిండిని ఎవరికి వారొకమారు తూచి చూచుకొనుట మేలు.

ఈ చిక్కు మనకు క్రొత్తది గాదు. భాస్కరాచార్యులవారి లీలావతి పరిభాషలో తూనికలకు వేరు, ధాన్యపుకొలతలకు వేరు పట్టికలున్నవి. నాలుగు కుడవములు ప్రస్థము, నాలుగు ప్రస్థములు ఆఢకము, నాలుగాఢకములు ద్రోణము, పదునారు ద్రోణములు ఖారి యని చిన్ననాట మా తండ్రిగారివద్ద వల్లించితిమి. వైద్యగ్రంథములలో కుడవము, ప్రస్థము అను పేళ్లు తూనికకును కొలతకును గూడ వాడుకలో నుండుటచేత, శార్ఙ్గధరసంహిత పెద్దకొలతలయందు ద్రవములను, పచ్చివస్తువులను రెట్టింపు గ్రహింపవలెనని నియమము చేసినది. పొడివస్తువు, తడివస్తువు ఒక్కకొలతకు లొంగవని పూర్వులెరుగుదురు. వల్లించిన మేమే యెరుగకపోతిమి. చదువు నోటనుండి చేతికి దిగుటకు నౌపడావరకు బోవలసివచ్చినది.

కిలోగ్రామునకు మాత్రము మూలమేమని యడిగినవారికి మా వారొక కథ చెప్పుదురు. 1889లో పారిసు నగరసమీపమున ప్లాటినము, ఇరిడియము లోహముల మిశ్రమముతో జేసిన స్తంభమునొకదానిని లోకమంతటికి కిలోగ్రామని నిర్ణయించిరి. దాని నకళ్లలో 57వది మన దేశమునకు వచ్చి ఢిల్లీలోని జాతీయ భౌతికప్రయోగశాలలో నున్నది. 2019 మే 20వ తేదీనుండి ఆ లోహపుముద్దకు మారుగా, ప్రకృతిలో నెన్నడును మారని యొక సంఖ్యను మూలముగా గ్రహించుచున్నారు. పొరుగింటికి బోయిన మారు సోలవలె మారని కొలతను వెదకుటలో పండితులకును నూటముప్పదియేండ్లు పట్టినదనుకొని మేము కొంత యూరట చెందితిమి.

మరి మా అత్తగారి సోల నేల విడిచిపెట్టమని యడుగవచ్చును. నిదానించి చూడగా వారి పద్ధతిలోని నేర్పు గోచరించినది. ముక్కలను వారు సోలతో కొలువలేదు, వీశెతో తూచిరి. ఏలయన ముక్కలనడుమ సందులు పెద్దవి, పెద్దముక్కకు చిన్నముక్కకు కొలత నిలువదు. పొడులను తూచలేదు, కొలిచిరి. ఏలయన మెత్తగా నలిగిన పొడి సోలలో సమముగా గూర్చుండును. రాళ్లయుప్పును ఎండబెట్టి దంచినపిమ్మట మాత్రమే కొలిచెడివారు. తడి పోవుటకు ఎండ, గాలి పోవుటకు రోకలి. ముదుసలి గట్టుమీద చెప్పిన రెండు మోసములకును మా అత్తగారు రెండు మందులు వంటయింట నేర్పరచుకొనిరి. కారణము చెప్పలేదు, మేమడుగను లేదు. పెద్దలు చెప్పిన కొలతను మాత్రము దాచుకొని, వారు కొలిచిన తీరును విడిచినయెడల, మిగులునది ఖాళీసోల.

ఈ సంగతులన్నియు నొక చిన్నపుస్తకములో వ్రాసి పూనాకు పంపితిమి. "ముక్కలు 1,400 గ్రాములు, ఆవపిండి 138, కారము 144, ఎండబెట్టి దంచిన ఉప్పు 368, నువ్వులనూనె 294. జాడీ, గరిటె, ముక్క – మూడింటను తడి యుండరాదు. మూడవనాడు తిరుగగలిపి, నూనె తేలనియెడల మరికొంత పోయవలెను" అని వ్రాసి, అడుగున "గత యేటి తప్పు కాయది గాదు, నీది గాదు, నాది" అని చేర్చితిమి. ఆ యొక్కపంక్తి వ్రాయుటకే మాకు చాలసేపు పట్టినది.

వైశాఖమున ఆమె ఆవకాయ కలిపినది. మూడవనాటి సాయంకాలము ఫోను మ్రోగినది.

"వదినా, తిరుగగలిపితిని. ముక్క నోట బెట్టితిని. ఉప్పన!" అనినది.

మాకు ప్రాణములు పోయినట్లైనది. ఈసారి యెక్కువైనదా? లెక్క మరల తప్పితిమా? అడుగుటకు నోరాడలేదు.

"మూడవనాడు ఉప్పనగానే యుండవలెను, ఊరినపిమ్మట సరిపోవునని అమ్మ యేటేట మనలను కసరెడిది గదా! అదే యుప్పన వదినా" అని, ఆమె నవ్వినదో యేడ్చినదో తెలియని గొంతుకతో, "నాకును సోల యొకటి చేయించి పంపుము. 320 మిల్లీలీటర్లు పట్టవలెను సుమా!" అని చెప్పినది.

కంచరివానికి చెప్పి చేయించుచున్నాము. నీరు పోసి తూచిచూచినపిమ్మటగాని పంపము.